‘అన్‌లిమిటెడ్’ హోస్టింగ్: ఉన్నదెంత? అమ్మినదెంత?

షేర్డ్ హోస్టింగ్‌పై వెబ్‌సైటు నడుపుకొనే చిన్న సంస్థలలో చాలావాటికి ఏదో ఒకనాడు ఒక ఈ-మెయిల్ వస్తుంది. దాని సారాంశం ఎప్పుడూ ఒక్కటే: మీ ఖాతా సర్వర్ వనరులను అనుమతించిన దానికంటె అధికంగా వాడుతున్నది, వెంటనే తగ్గించుకోండి లేదా పై ప్లానుకు మారండి, కాని పక్షంలో సైటును నిలిపివేస్తాము. అందుకున్నవారు కంగారుపడి, తాము డబ్బు కట్టిననాటి ప్రకటనను వెతికి చూసుకుంటారు. అక్కడ డిస్కు స్థలం ‘అన్‌లిమిటెడ్’, బ్యాండ్‌విడ్త్ ‘అన్‌లిమిటెడ్’, ఈ-మెయిల్ ఖాతాలు ‘అన్‌లిమిటెడ్’ అనే ఉంటుంది. పరిమితి లేదని చెప్పి అమ్మిన వస్తువుకు ఇప్పుడు పరిమితి ఎక్కడినుంచి వచ్చింది?

ఇది కంప్యూటర్ నిపుణులకు వదిలేయవలసిన సంగతి అని పాఠకులు అనుకోవచ్చు. కాని రాష్ట్రం వెలుపలి తెలుగువారికి ఇది ఇంటి సంగతే. హోసూరు, బళ్ళారి, బరంపురం, సిరొంచ, యానాం వంటి చోట్ల మన సభల వార్తలు, పాఠశాలల కబుర్లు, నిర్యాణ వార్తలు, పాత సంచికలు పెద్ద దినపత్రికలలో చోటు చేసుకునేవి తక్కువ. అవి నిలిచి ఉన్నదంతా ఏడాదికి రెండు మూడు వేల రూపాయలతో నడిచే చిన్న సైట్ల మీదనే. ఆ సైటు ఆగిపోతే ఆ రికార్డుకు ఇంకొక ప్రతి ఉండదు.

మొదట ఈ వ్యాపారం నడిచే తీరు చూద్దాం. ఏదో నగరంలోని డేటా సెంటరులో ఒక పెద్ద కంప్యూటరు ఉంటుంది. దానిలో కొన్ని డజన్ల ప్రాసెసర్ కోర్లు, కొంత మెమరీ, కొన్ని డిస్కులు. హోస్టింగ్ సంస్థ దానిమీద సీప్యానెల్ వంటి సాఫ్ట్‌వేర్ పెట్టి, దానిని వందలాది ఖాతాలుగా విభజించి అమ్ముతుంది. ఒకే యంత్రంపై వెయ్యికి పైగా సైట్లు కాపురం ఉండటం అరుదేమీ కాదు. పెండ్లిమండపం, నర్సింగ్ హోము, దేవస్థానం, వారపత్రిక ఒకే కప్పు కింద ఉంటాయి. ఎవరి పక్కన ఎవరున్నారో కాపురమున్నవారికి తెలియదు.

ఇక లెక్క. ఒక సర్వర్‌లో 2,000 జీబీ డిస్కు ఉన్నదనుకుందాం. ఖాతాకు 20 జీబీ చొప్పున 800 ఖాతాలు అమ్మితే, కాగితంపై అమ్మినది 16,000 జీబీ. ఉన్నదానికి ఎనిమిది రెట్లు. అయినా యజమానికి నిద్ర పడుతుంది. ఎందుకంటే ఆ 800 మందిలో అత్యధికులు నాలుగు పేజీలు, పది ఫోటోలు పెట్టి మరచిపోయేవారే. సగటున ఒక్కొక్కరు ఒక జీబీ వాడినా నిండేది 800 జీబీ మాత్రమే. మన పెండ్లిళ్ళలో వెయ్యి శుభలేఖలు పంచి, ఆరు వందల విస్తళ్ళకు వంట చేయించినట్లే. వంటవాని అనుభవం గట్టిదైతే ఎవరూ ఆకలితో వెళ్ళరు.

ఇది దొంగచాటుగా జరిగే పని కూడా కాదు. సీప్యానెల్ సంస్థవారి సర్వర్ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లో రీసెల్లర్లకు ‘ఓవర్‌సెల్లింగ్’ అనుమతించాలా వద్దా అని అడిగే గడి, అదే పేరుతో, డిస్కుకు వేరుగా బ్యాండ్‌విడ్త్‌కు వేరుగా ఉన్నది. 2006లో అమెరికాకు చెందిన డ్రీమ్‌హోస్ట్ సంస్థ తన బ్లాగులో ఈ పద్ధతిని బాహాటంగా ఒప్పుకొని, సమర్థించుకొని ఒక వ్యాసమే ప్రకటించింది. ఖాతాదారులలో ఎక్కువమంది వాడుక స్వల్పం కాబట్టే తక్కువ ధరకు ఎక్కువ స్థలం ఇవ్వగలుగుతున్నామన్నది దాని సారం. ఆ వాదనలో తర్కం ఉన్నది, ఆ ఒప్పుకోలులో నిజాయితీ కూడా ఉన్నది. ఆ రోజులలో హోస్టింగ్ సంస్థలు పోటీపడి అంకెలు పెంచుకుంటూ పోయాయి. చివరకు అంకెలు అర్థం కోల్పోయాక ‘అన్‌లిమిటెడ్’ అనే మాట వచ్చి కూర్చుంది.

ఉన్నదానికంటె ఎక్కువ అమ్మడమే పాపమని ఈ వ్యాసకర్త అభిప్రాయం కాదు. డెన్మార్కు గణితజ్ఞుడు ఎర్లాంగ్ 1909లోనే టెలిఫోన్ కాల్స్ రాకను సంభావ్యతతో లెక్కకట్టాడు. ఊరిలో ఎంతమందికి ఫోన్లు ఉన్నాయో అన్ని లైన్లు ఎక్స్‌ఛేంజిల మధ్య వేయవలసిన పనిలేదని, అందరూ ఒకేసారి మాట్లాడరని చెప్పే శాస్త్రమంతా అక్కడినుంచే పెరిగింది. విమానయాన సంస్థలు సీట్లకు మించి టికెట్లు అమ్ముతాయి. బ్రాడ్‌బ్యాండ్ సంస్థలు ఒకే లైనును పలువురికి పంచుతాయి.

అయితే ఆ రంగాలన్నింటిలోనూ ఒక కట్టుబాటు వచ్చింది. టికెట్ ఉండీ విమానం ఎక్కనివ్వకపోతే, గంటలోపు వేరొక విమానం చూపలేకపోతే, పరిహారం ఇవ్వాలన్నది మన పౌర విమానయాన డైరెక్టరేట్ నిబంధన. 2016 ఆగస్టు నుంచి ఆ మొత్తం గరిష్ఠంగా 10,000 రూపాయలు, 24 గంటలు దాటితే 20,000 రూపాయలుగా నిర్ణయించారు. బ్రాడ్‌బ్యాండ్ విషయంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2009లో మార్గదర్శకాలు ఇచ్చి, ఒక లైనును ఇండ్ల వాడకందారులలో 50 మందికి మించి, వ్యాపార వాడకందారులలో 30 మందికి మించి పంచరాదని చెప్పింది. ‘అన్‌లిమిటెడ్’ ప్లానులలో ఎంత డేటా వరకు ఏ వేగమో, ఆపైన ఏ వేగమో ఖాతాదారుకు స్పష్టంగా తెలపాలని 2016లో ఆదేశించింది. వెబ్ హోస్టింగ్‌కు ఇటువంటి అడ్డుకట్ట ఏదీ లేదు. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాలు డేటా సెంటర్లు, వర్చువల్ సర్వర్ విక్రేతలు తమ ఖాతాదారుల వివరాలను ఐదేళ్ళు భద్రపరచాలన్నాయి. అంటే ఎవరికి అమ్మారో రాసిపెట్టమన్నారు. ఏమి అమ్మారో చెప్పమని మాత్రం అనలేదు.

అసలు చిక్కు డిస్కుతో కాదు, ప్రాసెసరుతో. డిస్కు స్థలం పట్టా భూమి వంటిది. నా భాగంలో నేను పెట్టుకున్న ఫైలు రాత్రికి రాత్రి పక్కవాని భాగంలోకి పోదు. ప్రాసెసర్ సమయం కాలువ నీరు. తుంగభద్ర ఎడమ కాలువ కింద రాయచూరు జిల్లా చివరి ఆయకట్టు రైతును అడిగితే ఈ తేడా ఏ ఇంజనీరూ చెప్పలేనంత బాగా చెబుతాడు. కాగితంపై ఆయకట్టు అందరిదీ. ఎగువన అందరూ ఒకేసారి తూములు ఎత్తినరోజున దిగువకు వచ్చేది తడి మాత్రమే.

పై సర్వర్‌లోనే 32 కోర్లు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్క ఖాతాకు ఒక కోరు వరకు వాడుకోవచ్చని ఇచ్చారనుకుంటే, 800 కోర్లు అమ్మినట్లు. నిష్పత్తి 25కు 1. వర్డ్‌ప్రెస్ వంటి సాఫ్ట్‌వేర్‌తో నడిచే సైటులో ఒక పేజీని తయారుచేయటానికి అర సెకను కోరు సమయం పడుతుందని లెక్క వేసుకుంటే, యంత్రం మొత్తం సెకనుకు 64 పేజీలు ఇవ్వగలదు. 800 సైట్లలో పదింట ఒకటి సెకనుకు ఒక్క పేజీ చొప్పున అడిగితే 80 పేజీలు కావాలి. అంతే, వరుస మొదలవుతుంది. తొమ్మిది వంతుల మంది నిద్రలో ఉన్నా ఒక వంతు మేలుకుంటే చాలు.

ఎర్లాంగ్ తరహా లెక్కలు నిలవాలంటే ఒక షరతు ఉన్నది: ఒకరి వాడుకకు, మరొకరి వాడుకకు సంబంధం ఉండకూడదు. పెండ్లికి వచ్చేవారు ఎవరి వీలును బట్టి వారు వస్తే ఆరు వందల విస్తళ్ళ అంచనా నిలుస్తుంది. ఊరందరికీ ఒకే బస్సు అయితే నిలవదు. సరిహద్దు జిల్లాలలో ఈ బస్సు ఒకటే కావటానికి ఒక ప్రత్యేక కారణం ఉన్నది. మన పట్టణాలలో వెబ్‌సైటు కావలసినవారు నేరుగా పెద్ద సంస్థ వద్దకు పోరు. స్థానికంగా డిజైన్లు చేసే యువకుడో, కంప్యూటర్ సెంటరు యజమానో ఒక రీసెల్లర్ ఖాతా తీసుకొని, ఊరిలోని పాఠశాలలు, సంఘాలు, వార్తా సైట్లు అన్నింటినీ దానిలోనే పెడతాడు. అతనికి అది సులువు, నిర్వహణ ఖర్చు తక్కువ. కాని పదవ తరగతి ఫలితాలు వచ్చే పూట, ఎన్నికల లెక్కింపు రోజున, వరద హెచ్చరిక వచ్చిన సాయంత్రం ఆ సైట్లన్నింటికీ ఒకే ఊరి జనం ఒకేసారి వస్తారు. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం పదవ తరగతిని తాకిన 2015-16 విద్యా సంవత్సరం నుంచి, తెలుగు తదితర అల్పసంఖ్యాక భాషల విద్యార్థులకు తమిళ పరీక్ష నుంచి మినహాయింపు ఉన్నదా లేదా అన్న ప్రశ్న పదే పదే కోర్టులకెక్కింది. అటువంటి ఉత్తర్వు వెలువడిన రోజున తెలుగులో ఆ వార్త చదవదలచిన తల్లిదండ్రులకు ఉన్న దారులు కొద్దే. ఆ కొద్దీ ఒకే యంత్రంపై ఉంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

పక్కవాని వాడుక మనలను ముంచకుండా చూసే ఉపాయం 2010లో వచ్చింది. క్లౌడ్‌లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఒక్కొక్క ఖాతా చుట్టూ గోడ కట్టి, ఇంత ప్రాసెసర్, ఇంత మెమరీ, డిస్కుతో ఇంత రాకపోకలు, ఏకకాలంలో ఇన్ని పనులు అని విడివిడిగా హద్దులు పెట్టింది. ఇది నిస్సందేహంగా మేలే చేసింది. అంతకు ముందు ఒక్క సైటుపై దాడి జరిగితే సర్వర్‌లోని అందరూ మునిగేవారు. ఇప్పుడు హద్దు దాటినవాని సైటు మాత్రమే ‘508 రిసోర్స్ లిమిట్ ఈజ్ రీచ్డ్’ అన్న ఫలకం పెట్టుకుంటుంది.

ఆ హద్దులలో ‘ఎంట్రీ ప్రాసెస్‌లు’ అనేదానిని గమనించాలి. ఒకేసారి ఎన్ని పేజీలు తయారీలో ఉండవచ్చునో చెప్పే అంకె అది. తొలి అమరికలో అది 20గా ఉంటుంది. ఒక కోరు ఉన్న ఖాతా, అర సెకను పట్టే పేజీ అన్న పై లెక్క ప్రకారం సెకనుకు రెండు పేజీలు పూర్తవుతాయి. సెకనుకు ఐదుగురు వచ్చారనుకుంటే ముగ్గురు మిగులుతారు. ఏడు సెకన్లలో 20 నిండుతుంది, ఎనిమిదవ సెకనులో వచ్చినవానికి 508 కనిపిస్తుంది. చిత్రమేమంటే, సెకనుకు రెండు పేజీలంటే రోజుకు 1,72,800 పేజీలు. మన సైట్లలో ఏ ఒక్కదానికీ అంత పాఠకసంఖ్య కలలో కూడా రాదు. రోజు లెక్కన చూస్తే ప్లాను పుష్కలం, నిమిషం లెక్కన చూస్తే దుర్భిక్షం. అమ్మేవారు చూపేది మొదటి లెక్క, కొన్నవారు అనుభవించేది రెండవది.

హోస్టింగ్ సంస్థలు ఇచ్చే ప్రధానమైన సంజాయిషీ ఇక్కడే వీగిపోతుందని నా అభిప్రాయం. ‘షేర్డ్ సర్వర్‌లో ఎవరికి ఎంత దక్కుతుందో ముందుగా చెప్పలేము, అది పొరుగువారి మీద ఆధారపడుతుంది’ అన్న మాట 2005లో నిజం. ఈనాడు ఈ గోడలు కట్టిన ప్రతి సర్వర్‌లోనూ, ప్రతి ప్లానుకూ, ప్రాసెసర్ శాతం నుంచి ఎంట్రీ ప్రాసెస్‌ల దాకా అన్ని అంకెలూ ఉంటాయి. యంత్రానికి తెలిసిన అంకె, సంస్థకు తెలిసిన అంకె, డబ్బు కట్టేవానికి మాత్రమే తెలియకుండా ఉంటున్నది. తెలిసినా అది కట్టిన తరువాత, సీప్యానెల్ లోపలి వాడుక పేజీలోనే. కొన్ని సంస్థలు నిబంధనల పత్రంలో ఎక్కడో లోతున ఫైళ్ళ సంఖ్యపై, డేటాబేసు పరిమాణంపై హద్దులు రాస్తాయి. ‘అన్‌లిమిటెడ్’ స్థలం కొన్నవాడు ఫైళ్ళ సంఖ్య హద్దుకు తగిలి ఆగిపోయేది ఇందువల్లనే. చిన్నచిన్న ఫోటోలు వేలకొద్దీ దాచే పత్రికల సైట్లకు ఇది మొదట తగిలే దెబ్బ.

ఇంతవరకు చెప్పినది పాత కథే. ఇప్పుడు దీనిని మరల ఎత్తవలసిన అవసరం ఎందుకు వచ్చిందంటే, ఈ వ్యాపారపు పునాది అయిన ‘నిద్ర’ చెదిరిపోతున్నది.

కృత్రిమ మేధ నమూనాల శిక్షణకు, వాటి సమాధానాలకు కావలసిన పాఠ్యం కోసం ఇంటర్నెట్ అంతటినీ తిరిగి చదివే యంత్ర సందర్శకులు, అంటే బాట్లు, 2023 తరువాత విపరీతంగా పెరిగాయి. 2024 జనవరి మొదలుకొని తమ మల్టీమీడియా డౌన్‌లోడ్ల బ్యాండ్‌విడ్త్ 50 శాతం పెరిగిందని, దానికి ప్రధాన కారణం ఇటువంటి బాట్లేనని వికీమీడియా ఫౌండేషన్ 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. పేజీ సందర్శనలలో బాట్ల వాటా సుమారు 35 శాతమే అయినా, తమకు అత్యధిక ఖర్చు తెచ్చే రాకపోకలలో వాటి వాటా 65 శాతమని కూడా తెలిపింది. ఈ తేడాకు కారణం ఆసక్తికరమైనది. మనిషి నేటి వార్త చదువుతాడు. పదిమంది చదివే పేజీ సిద్ధంగా నిల్వ ఉంటుంది, మరల వండనక్కరలేదు. బాటు పదిహేనేళ్ళనాటి పేజీని కూడా అడుగుతుంది. దానిని ప్రతిసారి కొత్తగా వండాలి.

వికీపీడియాను నడిపేవారికే భారమైనది, ఏడాదికి రెండు వేల రూపాయల షేర్డ్ ఖాతాకు ఎంత భారమో చెప్పనక్కరలేదు. ఇరవై ఏళ్ళ పాత సంచికలను శ్రద్ధగా భద్రపరచిన చిన్న పత్రిక ఇక్కడ ఎక్కువ నష్టపోతుంది. పాత పేజీలు ఎన్ని ఉంటే బాటుకు అంత మేత. నాలుగు పేజీల ప్రకటన సైటు పెట్టినవానికి ఏ బాధా లేదు. పైగా బాటు ఒక్క సైటుతో ఆగదు. సర్వర్‌లోని 800 సైట్ల తలుపూ తడుతుంది. యజమాని సైతం మరచిపోయిన సైట్లు కూడా మేలుకుంటాయి. ఒకరి వాడుకకు మరొకరి వాడుకకు సంబంధం ఉండరాదన్న ఎర్లాంగ్ నాటి షరతు ఊరి స్థాయిలో కాదు, ప్రపంచ స్థాయిలో భగ్నమైనదన్నమాట. యూనికోడ్‌లో తెలుగు అక్షరసంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి మన పుట ఆంగ్ల పుటకంటె బరువు అనేవారున్నారు. అది నిజమే గాని, ఒక్క ఫోటో బరువు ముందు ఆ తేడా లెక్కలోనిది కాదు.

ఇదిలా ఉండగా అమ్మేవారి ఖర్చులు కూడా పెరిగాయి. 2019 జూన్ వరకు సీప్యానెల్ లైసెన్సు రుసుము యంత్రానికి ఇంత అని ఉండేది. ఎన్ని ఖాతాలు కుక్కితే అంత లాభం. ఆ సంవత్సరం దానిని ఖాతాల సంఖ్యను బట్టి మార్చారు; ఆ తరువాత కూడా ధరలు పెంచుతూ వచ్చారు. ఎక్కువ ఖాతాలు కుక్కే ఆశ దీనితో తగ్గుతుందని కొందరు తలచారు. జరిగినది వేరు: ఖాతాకు ఖర్చు పెరిగినప్పుడు దానిని యంత్రం మీద మిగుల్చుకోవాలన్న ఒత్తిడి పెరిగింది. 2025 చివరి నెలలలో మెమరీ చిప్‌ల ధరలు, కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీ మూలంగానే, బాగా పెరగటంతో కొత్త సర్వర్ కొనటం మరింత ఖరీదైనది. విచిత్రమైన స్థితి ఇది. ఒకే పరిశ్రమ ఒక చేతితో చిన్న సైట్ల భారం పెంచి, మరొక చేతితో ఆ భారం మోసే యంత్రాల ధర పెంచుతున్నది.

పోటీ ఉన్నది కదా, నచ్చకపోతే వేరొకచోటికి పోవచ్చు కదా అంటారు. పేర్లు చాలా ఉన్నాయి, యజమానులు అన్ని లేరు. అమెరికాలోని ఎండ్యూరెన్స్ ఇంటర్నేషనల్ గ్రూపు 2010లో బ్లూహోస్ట్‌ను, 2012లో హోస్ట్‌గేటర్‌ను కొన్నది. 2014లో ముంబైకి చెందిన డైరెక్టి సంస్థ నుంచి బిగ్‌రాక్, రీసెల్లర్‌క్లబ్ వంటివి కూడా దాని చేతికి వచ్చాయి. 2021లో అది వెబ్.కామ్‌తో కలిసి న్యూఫోల్డ్ డిజిటల్ అయింది. 2013 ఆగస్టు 2న యూటా రాష్ట్రంలోని ప్రోవో డేటా సెంటరులో అంతరాయం కలిగినప్పుడు బ్లూహోస్ట్, హోస్ట్‌గేటర్, హోస్ట్‌మాన్‌స్టర్, జస్ట్‌హోస్ట్ అనే నాలుగు పేర్ల కింది సైట్లు ఒకేసారి మూతపడ్డాయి. ఒక పేరు నుంచి మరొక పేరుకు మారి సమస్య తీరిందనుకున్నవారికి అది కనువిప్పు.

హోస్టింగ్ సంస్థల పక్షాన ఒక మాట చెప్పక తప్పదు. తొలి ఏడాది నెలకు వంద రూపాయలకే కావాలని పట్టుబట్టేది మనమే. ఎవరికి వారికి విడిగా ప్రాసెసర్ కేటాయిస్తే ఆ ధర రాదు, చిన్న సంఘాలకు వెబ్‌సైటే ఉండదు. పంచుకోవటం వల్లనే మనకు చోటు దొరికింది. కావున ఓవర్‌సెల్లింగ్‌ను నిషేధించాలనే కోరిక మన కాలు మనం నరుక్కోవటమే. కోరవలసినది నిష్పత్తులను, హద్దులను బయటపెట్టటం. అది సాధ్యమేనని అమెజాన్ 2014లో చూపింది. ఆ సంవత్సరం వచ్చిన దాని టీ2 తరగతి సర్వర్లలో టీ2.మైక్రోకు ఒక కోరులో నిలకడగా దక్కేది 10 శాతమేనని, గంటకు 6 క్రెడిట్లు జమ అవుతాయని, రద్దీ వేళ ఆ నిల్వను ఖర్చు చేసుకోవచ్చని ప్రకటించి మరీ అమ్మింది. అది కూడా పంచి అమ్మినదే. అయితే కొన్నవానికి తన వాటా తెలుసు.

మన చట్టంలో ఇందుకు ఆధారం ఇప్పటికే ఉన్నది. 2020 జూలై నుంచి అమలైన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ‘సేవాలోపం’ అనే మాటను నిర్వచిస్తూ, వినియోగదారునికి చెప్పవలసిన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచిపెట్టడాన్ని కూడా అందులో చేర్చింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో ఇచ్చిన ప్రకటనల మార్గదర్శకాలు, ప్రకటనలోని ప్రధాన వాగ్దానాన్ని కాదనే విధంగా చిన్న అక్షరాల షరతు ఉండరాదన్నాయి. పెద్ద అక్షరాలతో ‘అన్‌లిమిటెడ్’ అని, చిన్న అక్షరాలతో ఫైళ్ళకు హద్దు అని రాయటం దీనికి లోబడి ఉన్నదా అన్నది అడగదగిన ప్రశ్న.

వాణిజ్య ప్రయోజనానికి కొన్న సేవ ఈ చట్టం పరిధిలోకి రాదు గదా అని హోస్టింగ్ సంస్థలు వాదించవచ్చు. స్వయం ఉపాధితో జీవిక గడుపుకొనటానికి మాత్రమే కొని వాడుకున్న వస్తువును చట్టం వాణిజ్యంగా పరిగణించదు. ఒంటరిగా సైటు నడిపే విలేకరికి, చిన్న ప్రచురణకర్తకు ఇది కొంత ఊతం కావచ్చు. సరిహద్దు వాసులకు మరింత ముఖ్యమైనది ఫిర్యాదు ఎక్కడ వేయాలన్నది. పాత చట్టం కింద ఎదుటి పక్షం ఉన్నచోటికో, వ్యవహారం పుట్టినచోటికో పోవలసివచ్చేది. కొత్త చట్టం ఫిర్యాదుదారు నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే వేయవచ్చునన్నది. బళ్ళారివాసి బళ్ళారిలో, బరంపురంవాసి గంజాం జిల్లాలో వేసుకోవచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు. అంతకు ముందు 1915 నంబరుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో చెప్పుకోవచ్చు. ఐతే విక్రేతకు ఈ దేశంలో కార్యాలయమే లేకపోతే గెలిచిన ఉత్తర్వును అమలు చేయించటం చాలా కష్టం. కొనేముందే బిల్లుపై జీఎస్టీ నంబరు ఉంటుందా అని అడగటం ఇందుకే. స్థానిక రీసెల్లర్ ద్వారా కొన్నవారు బిల్లు తమ పేరిట ఉండేటట్లు, డొమైన్ కూడా తమ పేరిటనే నమోదయ్యేటట్లు చూసుకోవాలి. లేకుంటే ఫిర్యాదు చేసే హక్కే అతనిది అవుతుంది, మీది కాదు.

కొనేముందు లిఖితపూర్వకంగా అడగవలసిన అంకెలు నాలుగే: ఎన్ని కోర్లు లేదా ఎంత శాతం ప్రాసెసర్, ఎంత మెమరీ, ఎన్ని ఎంట్రీ ప్రాసెస్‌లు, ఎన్ని ఫైళ్ళు. వీటితోపాటు రెన్యువల్ ధర. చెప్పేవారు కొందరు ఉన్నారు. చెప్పనివారి ‘అన్‌లిమిటెడ్’ను అంతమేరకే నమ్మాలి. ఆ జవాబును, ప్రకటన ఉన్న పేజీని ఫోటో తీసి దాచుకుంటే రేపు కమిషన్ ముందు అదే సాక్ష్యం. ఇప్పటికే 508 చూస్తున్నవారు పై ప్లానుకు డబ్బు కట్టేముందు సీప్యానెల్‌లోని వాడుక పేజీలో ఏ హద్దు తగులుతున్నదో, సందర్శకుల చిట్టాలో మనుషులెందరో బాట్లెన్నో చూడాలి. పేజీలను నిల్వ చేసే క్యాషింగ్ ప్లగిన్ పెట్టి, పనికిరాని బాట్లను ఆపితే పాత ప్లానుతోనే సరిపోయే సందర్భాలు తక్కువేమీ కావు. అన్నింటికంటె ముందు సైటు పూర్తి ప్రతి ఒకటి, డేటాబేసుతో సహా, నెలకొకసారి సొంత కంప్యూటరులోకి దించుకోవాలి. నిలిపివేసిన ఖాతాలోనుంచి దానిని తీసుకొనే అవకాశం ఉంటుందో లేదో ఒప్పందాన్ని బట్టి ఉంటుంది.